తగ్గిన బరువు తిరిగి రావడం: కృష్ణా పశ్చిమ డెల్టాలో ఆహార దీక్షలు

తిండిని గట్టిగా కట్టడి చేసి కొన్ని వారాల్లో బరువు తగ్గడం, ఏడాది రెండేళ్ళలో ఆ బరువంతా మళ్ళీ ఎక్కడం, అప్పుడు ఇంకో పద్ధతి పట్టుకోవడం: ఈ చక్రానికే యోయో డైటింగ్ అని పేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 36 శాతం మందికి, పురుషులలో 31 శాతం మందికి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును కొలిచే సూచిక) 25కు చేరింది లేదా దాటింది. కాబట్టి ఈ చక్రం నగరాల సినిమావాళ్ళ బెడద మాత్రమే అనుకోవడానికి లేదు. వాడరేవు తీరం నుంచి బాపట్ల, రేపల్లె మీదుగా తెనాలి దాకా పరుచుకున్న వరి నేలలో, చేపల రేవుల్లో కూడా ఇది ఇంటింటి విషయం. బరువు తిరిగి రావడానికి మనిషి మనోబలం లేకపోవడమో, ఎంచుకున్న డైట్ తప్పు కావడమో కారణమని సాధారణంగా చెబుతారు. ఈ రెండింటికీ ఆధారాలు బలహీనం. తగ్గించే దశకు నియమాలు, తేదీలు, గురువులు ఉండి, తగ్గిన తర్వాతి దశకు ఏమీ లేకపోవడమే అసలు కారణమని గత ముప్ఫై ఏళ్ళ పరిశోధనలు కలిపి చదివితే తేలుతుంది.

తెలుగునాట ఇటీవలి దశాబ్దాల్లో జనాన్ని కదిలించిన ఆహార పద్ధతులు ప్రధానంగా మూడు. వాటిలో రెండింటికి కేంద్రం తెనాలికి దగ్గరలోని విజయవాడే. మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె లేని వంట, పచ్చి కూరగాయల రసాలు, మొలకలు ప్రచారం చేశారు. 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ సరిగ్గా దానికి ఎదురు దిక్కున నిలబడ్డారు. అన్నం, రొట్టె, పండ్లు పక్కన పెట్టి కొబ్బరినూనె, నెయ్యి లాంటి కొవ్వు రోజుకు 70 నుంచి 100 గ్రాములు తీసుకోమన్నారు. తోడుగా నిమ్మకాయలు, నీళ్ళు, మల్టీవిటమిన్ మాత్రలు. ఊరూరా సభలు జరిగాయి, కిరాణా కొట్లలో కొబ్బరినూనె తినే సరుకైంది, వైద్యులు అభ్యంతరాలు చెప్పారు. ఆ వేడి ఇంకా చల్లారకముందే ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ చెప్పిన సిరిధాన్యాలు వచ్చాయి. అరికలు, సామలు, కొర్రలు, ఊదలు, అండుకొర్రలు తినమని, బియ్యం, గోధుమ మానమని ఆయన బోధ. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఒకరు నూనె వద్దన్నారు, ఒకరు నూనే మందన్నారు, మూడో ఆయన గింజ మార్చమన్నారు. మూడింటితోనూ బరువు తగ్గినవాళ్ళున్నారు, వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. ఒకే వీధిలో ఒకే కుటుంబం ఈ మూడింటినీ వరసగా పాటించి ఉంటే, మొదటిదీ రెండోదీ ఎందుకు నిలవలేదన్నదే అడగవలసిన ప్రశ్న.

ఎదురెదురు నియమాలు ఒకే ఫలితం ఇవ్వడంలో వింతేమీ లేదు. 2009లో అమెరికాలో 811 మందికి కొవ్వు, మాంసకృత్తులు, పిండిపదార్థాల పాళ్ళు వేర్వేరుగా ఉన్న నాలుగు ఆహారాలిచ్చి రెండేళ్ళు చూశారు. నాలుగింటిలోనూ తగ్గిన బరువు ఇంచుమించు సమానం. 2018లో 609 మందితో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చేసిన పరీక్షలో ఏడాదికి తక్కువ కొవ్వు వర్గం 5.3 కిలోలు, తక్కువ పిండిపదార్థాల వర్గం 6 కిలోలు తగ్గింది. ఆ తేడా లెక్కలోకి రానిది. ఏ నియమమైనా ఇంట్లో రోజూ వండే వాటిలో సగం నిషేధిస్తే తినేది తానే తగ్గుతుంది. అన్నం మానేస్తే మొదటి వారంలో కనిపించే అద్భుతానికి ఇంకో కారణం కూడా ఉంది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజన్ గ్రాముకు మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుని ఉంటుంది. ఆ నిల్వ ఖర్చయితే కొవ్వు పెద్దగా కరగకముందే కాటా కిలోన్నర, రెండు కిలోలు తక్కువ చూపిస్తుంది. తిరిగి అన్నం తిన్న వారంలోనే ఆ నీరు వెనక్కి వస్తుంది. అప్పుడు కలిగే నిరాశ కూడా కొవ్వుకు సంబంధించినది కాదు.

తర్వాతి కథ మాత్రం నీటిది కాదు. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు రోజుకు సుమారు 1,600 కేలరీలే ఇచ్చి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. వాళ్ళ బరువు నాలుగో వంతు పడిపోయింది. ఆలోచనలన్నీ తిండి చుట్టూ తిరిగాయి, కొందరు వంట పుస్తకాలు పోగుచేశారు. ఆంక్షలు తీశాక వాళ్ళు తిన్న తీరు గమనించదగినది: పోయిన కండ పూర్తిగా తిరిగి రాకముందే కొవ్వు మొదటి స్థాయిని దాటిపోయింది. (ఇవాళ చేతికిచ్చే డైట్ చార్టులు చాలావాటిలో 1,600 కన్నా తక్కువ కేలరీలే ఉంటాయి, వాటిని ఆకలి ప్రయోగమని ఎవరూ అనరు.) 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు 50 మందికి పది వారాలు అతి తక్కువ కేలరీల ఆహారమిచ్చి బరువు తగ్గించి, ఏడాది తర్వాత రక్తం పరీక్షించారు. ఆకలిని పెంచే గ్రెలిన్ అప్పటికీ ఎక్కువగానే ఉంది, తృప్తిని తెలిపే లెప్టిన్ అప్పటికీ తక్కువే. అమెరికా శాస్త్రజ్ఞుడు కెవిన్ హాల్ బృందం ఈ ఎదురుదెబ్బకు లెక్క కట్టింది. ఒక కిలో తగ్గితే శరీరం రోజువారీ ఖర్చును 20 నుంచి 30 కేలరీలు కుదించుకుంటుంది, ఆకలిని మాత్రం దాదాపు 100 కేలరీల మేర పెంచుతుంది. అదే శాస్త్రజ్ఞుడు ఒక టీవీ పోటీలో సగటున 58 కిలోలు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత చూస్తే 41 కిలోలు తిరిగి వచ్చి ఉన్నాయి. వాళ్ళ శరీరాలు విశ్రాంతిలో ఖర్చు చేసేది ఆ సైజు మనుషులకు ఉండవలసిన దానికంటే రోజుకు 500 కేలరీలు తక్కువగా ఉంది.

ఇప్పుడు మన డైట్ల రూపం చూడాలి. ఇన్ని రోజులు ద్రవాహారం, ఇన్ని రోజులు ఘనాహారం, ఫలానా వస్తువు ముట్టరాదు, పొరపాటున ముట్టుకుంటే మళ్ళీ మొదటి రోజు నుంచి. కార్తీకంలో మాల వేసుకుని 41 రోజులు నిష్ఠగా ఉండే అయ్యప్ప దీక్ష అచ్చు ఇదే. తెలుగువాళ్ళకు దీక్ష పట్టడం బాగా తెలుసు, అందుకే మొదటి దశలో మనోబలానికి లోటుండదు. ఉల్లిపాయ లేకుండా, చెప్పులు లేకుండా మండలం గడపగలిగినవాడికి నలభై రోజులు అన్నం మానడం పెద్ద పరీక్ష కాదు. మనోబలం లేకనే బరువు తిరిగొస్తుందనే వాదన ఇక్కడే వీగిపోతుంది. దీక్షకు విరమణ ఉంటుంది, ఇరుముడి చెల్లించి మాల తీసినవాడు తన పాత జీవితానికి తిరిగి రావడంలో తప్పులేదు, దీక్ష ఉద్దేశం నెరవేరింది. శరీరం లెక్క వేరు. దానికి మాల తీసిన రోజే పని మొదలవుతుంది. తగ్గిన ప్రతి కిలోకు రోజుకు వంద కేలరీల అదనపు ఆకలి అప్పుడే, ఎవరి నిఘా లేనప్పుడే, పాత వంటగదిలోనే ఎదురవుతుంది.

వేగంగా తగ్గితే వేగంగా వస్తుంది, మెల్లగా తగ్గితే నిలుస్తుంది అని చాలామంది వైద్యులు కూడా చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ పరీక్షలో నిలవలేదు. మెల్బోర్న్‌లో 204 మందిని రెండు వర్గాలుగా చేసి ఒక వర్గానికి 12 వారాల్లో, ఇంకో వర్గానికి 36 వారాల్లో బరువు తగ్గించారు. దాదాపు మూడేళ్ళ తర్వాత రెండు వర్గాలకూ పోయిన బరువులో సుమారు 71 శాతం తిరిగి వచ్చింది. 2014లో వెలువడిన ఈ ఫలితం నిదానమే ప్రధానమన్నవారికి నచ్చలేదు. బ్రిటన్‌లో టైప్-2 మధుమేహం ఉన్నవారికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారం ఇచ్చిన డైరెక్ట్ అనే పరీక్షలో ఏడాదికి 46 శాతం మందికి, రెండేళ్ళకు 36 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర అదుపులో ఉంది. పైకి చూస్తే ఇది మన ద్రవాహార పద్ధతులకు సమర్థన. తేడా అంతా ఆ తర్వాతిదే. అక్కడ ఆహారాన్ని మెట్టుమెట్టుగా తిరిగి ప్రవేశపెట్టారు, నెలనెలా నర్సో పోషకాహార నిపుణురాలో కలిశారు, బరువు పెరిగితే ఏం చేయాలో ముందే రాసి ఉంచారు, మందులు ఆపింది వైద్యుల పర్యవేక్షణలో. సభలో విని ఇంటికొచ్చి ఇన్సులిన్ సొంతంగా మానేయడాన్ని దీనితో పోల్చకూడదు, అది ప్రాణాపాయం.

అసలు ఈ ఎక్కడం దిగడం హానికరమా అన్నదానిపై ఇప్పటికీ వాదం ఉంది. 1991లో ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం, 2017లో గుండెజబ్బు ఉన్నవారిపై చేసిన మరో విశ్లేషణ, బరువు ఊగిసలాడేవారిలో గుండె ముప్పు ఎక్కువని చూపాయి. 1994లో అమెరికా జాతీయ కార్యదళం మాత్రం స్థూలకాయులు ఈ భయంతో ప్రయత్నం మానుకోనవసరం లేదని తేల్చింది. జబ్బు వల్ల తగ్గిన బరువును డైట్ వల్ల తగ్గిన బరువు నుంచి ఇలాంటి అధ్యయనాలు సరిగ్గా వేరుచేయలేవు కాబట్టి కార్యదళం మాటలో బలముంది. ఒకసారి విఫలమైనవాడు మళ్ళీ ప్రయత్నించకూడదని దీనర్థం కాదు. అదే రకం ప్రయత్నం నాలుగోసారి చేయడంలో లాభం తక్కువ, అంతే.

ఏ బరువును కాపాడుకోవాలి? ఇక్కడ మన శరీరాల తీరు ముఖ్యం. 2004లో లాన్సెట్ పత్రిక పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుద్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో వేసింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు యుద్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు మోసే శరీరం భారతీయులకు సామాన్యం. అందుకే మన దేశంలో వైద్యులు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అంటారు, నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదంటారు. కండను కూడా కరిగించే కఠిన ఉపవాసాలు ఇలాంటి శరీరానికి ప్రత్యేకించి చేటు. అన్నిటికన్నా విలువైన సాక్ష్యం పక్క రాష్ట్రం నుంచే ఉంది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిపై చేసి 2006లో ప్రకటించిన పరీక్షలో తిండి, నడక మార్చుకున్నవారికి మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువు మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. కాటా కదలలేదని నడక మానేసేవాళ్ళు తెలుసుకోవలసిన ఫలితమిది.

డెల్టాలో అన్నాన్నే నేరస్తుణ్ణి చేయడం తేలిక. 1852-55లో కృష్ణపై ఆనకట్ట కట్టిననాటి నుంచి ఇది వరి దేశం. 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, బాపట్ల పరిశోధన కేంద్రంలోనే పుట్టింది. ఆ మూడక్షరాలూ బాపట్లవే. తాతలు మూడు పూటలా అన్నమే తిన్నా లావెక్కలేదు కదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. తాతలు ఆ అన్నాన్ని ఊడ్పుల్లో, కోతల్లో, కుప్పనూర్పిళ్ళలో, తెడ్లు వేసే పడవల్లో ఖర్చు పెట్టారు. ఇవాళ వెద సాగు, కోత యంత్రం, పడవకు ఇంజను, గడప దాటితే మోటార్‌సైకిల్. పళ్ళెం మాత్రం పాతదే. అయినా అన్నం పూర్తిగా మానడం ఈ నేలలో నిలిచేది కాదు, దాన్ని కొర్రలతో మార్చినంత మాత్రాన లెక్క పెద్దగా మారదు కూడా. బియ్యమైనా కొర్రలైనా వంద గ్రాములకు 330 నుంచి 360 కేలరీలే. కొర్రల్లో పీచు ఎక్కువ, అది మేలే. బియ్యం మానలేనివారికి సాంబ మసూరి నుంచే హైదరాబాద్ శాస్త్రజ్ఞులు రూపొందించిన మెరుగుపరచిన సాంబ మసూరి ఉంది, చక్కెరను నెమ్మదిగా పెంచే రకం.

లెక్క మార్చేది పరిమాణం, పక్కన చేరే వస్తువులు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల రోజుకు ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400 గ్రాములు సూచించింది. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే మనిషికి బియ్యం నుంచే 1,400 కేలరీలు వస్తాయి. అతను 60 గ్రాములు తగ్గిస్తే, అంటే వండిన అన్నంలో పెద్ద గరిటెడు తీసేస్తే, 200 కేలరీలు పోతాయి. కెవిన్ హాల్ సూత్రం ప్రకారం రోజుకు 24 కేలరీల శాశ్వత మార్పుకు చివరికి ఒక కిలో తగ్గుతుంది, అందులో సగం మొదటి ఏడాదిలో, దాదాపు మిగతాదంతా మూడేళ్ళలో. ఈ గరిటెడు విలువ మూడేళ్ళలో ఎనిమిది కిలోలు. సభలో చప్పట్లు కొట్టించే సంఖ్య కాదిది, కానీ మాల తీయనక్కరలేని మార్పు. ఆకలి ఎదురుతిరగకుండా ఉండాలంటే ఖాళీ అయిన చోటికి కడుపు నింపే పదార్థం రావాలి. ఐరోపాలోని ఎనిమిది దేశాల్లో, బరువు తగ్గించుకున్న 773 మందిపై చేసిన డయోజినీస్ పరీక్ష 2010లో తేల్చింది ఇదే: మాంసకృత్తులు కాస్త ఎక్కువ, చక్కెరను మెల్లగా పెంచే పిండిపదార్థాలు తిన్నవారు తగ్గిన బరువును మెరుగ్గా నిలుపుకున్నారు. ఇక్కడ వాటికి బయటికి పోనక్కరలేదు. వరి కోశాక అదే మాగాణిలో మినుము, పెసర చల్లే రైతులున్న నేల ఇది, లంకల్లో కూరగాయలు పండుతాయి, వాడరేవు, నిజాంపట్నం రేవుల్లో కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చవక చేపలు దిగుతాయి. చేప వేపుడైతే నూనె లెక్క వేరే చూసుకోవాలి, పులుసైతే ఆ చింత తక్కువ. అన్నంలో ముద్దపప్పు కలుపుకునే అలవాటును ముద్దపప్పులో అన్నం కలుపుకునే అలవాటుగా తిరగేయడమే, అంతే.

తినడం తగ్గించి బరువు తగ్గవచ్చు, నిలుపుకోవడానికి మాత్రం కదలిక తప్పదు. 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ అమెరికాలో ఒక రిజిస్ట్రీ ప్రారంభించారు. 13.6 కిలోలకు పైగా తగ్గి కనీసం ఏడాది నిలుపుకున్నవారే అందులో చేరవచ్చు. వాళ్ళు తగ్గిన పద్ధతులు నానారకాలు, నిలుపుకున్న పద్ధతుల్లో పోలికలు ఎక్కువ: రోజుకు ఇంచుమించు గంట వ్యాయామం, ఉదయం అల్పాహారం, వారానికొకసారైనా కాటా ఎక్కడం. గెలిచినవాళ్ళే చేరిన జాబితా కాబట్టి దీన్ని రుజువుగా తీసుకోకూడదన్న అభ్యంతరం సరైనదే. అయితే ఆ టీవీ పోటీదారుల్లోనూ బరువు నిలుపుకున్నవారు తమ శారీరక శ్రమను పెంచుకున్న పాళ్ళు, తిరిగి లావెక్కినవారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వేసవిలో ఈ తీరంలో పొద్దెక్కాక గాలిలో తడితో నడక నరకం, కాబట్టి కాలువగట్టు నడక తెల్లవారుజామునో సాయంత్రమో సాగాలి. దీర్ఘకాలంలో నిలుపుకోవడం అసాధ్యమనే నిరాశావాదానికి లుక్ అహెడ్ పరీక్ష జవాబు: మధుమేహం ఉన్నవారు 5,000 మందికి పైగా పాల్గొన్న ఆ పరీక్షలో, నిరంతర తోడ్పాటు పొందిన వర్గంలో ఎనిమిదేళ్ళకు సగం మంది 5 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గుదలతో ఉన్నారు. పది శాతం నిలుపుకున్నవారు నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ.

కొత్త సూదిమందులు ఈ చర్చనంతా పాతదిగా చేశాయని కొందరి అభిప్రాయం. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. అవి పనిచేస్తాయి. ఆకలిని శరీరం స్థాయిలోనే తగ్గిస్తాయి కాబట్టి, సమస్య మనోబలానిది కాదన్న మాటకు అవే బలమైన సాక్ష్యం. అయితే వెగోవీలోని మందు సెమాగ్లుటైడ్ ఆపేసినవారిని ఏడాది తర్వాత చూస్తే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. నెలకు వేల రూపాయల సూదిని నలభై రోజుల దీక్షలా వాడేవారికి ఫలితం కొబ్బరినూనె నాటిదే, ఖర్చు మాత్రం ఎక్కువ.

నిలుపుకోవడానికి పరీక్షించి చూసిన అతి సాదా సాధనం కాటా. 2006లో రీనా వింగ్ బృందం, పది శాతం పైగా తగ్గిన 314 మందితో స్టాప్ రీగెయిన్ పరీక్ష చేసింది. రోజూ బరువు చూసుకోవాలి, తగ్గి చేరుకున్న బరువుకు కిలోన్నర లోపు ఉంటే ఆకుపచ్చ, దాటితే పసుపు, రెండుంపావు కిలోలు దాటితే ఎరుపు. పసుపులో తిండి సరిచూసుకోవాలి, ఎరుపులో తగ్గించే రోజుల నియమాలకు తిరిగి వెళ్ళాలి. ఏడాదిన్నరకు ఏ శిక్షణా లేని వర్గంలో 72 శాతం మంది ఎరుపు గీత దాటారు, ముఖాముఖి శిక్షణ పొందిన వర్గంలో 46 శాతం. ఈ పద్ధతిని ఇక్కడ వాడేవారు ఒకటి చూసుకోవాలి. సంక్రాంతి అరిసెలు, పెళ్ళి భోజనం, ఆవకాయ కలిపిన అన్నం తిన్న మర్నాడు కాటా కిలో ఎక్కువ చూపితే అందులో ఎక్కువ భాగం ఉప్పు పట్టి ఉంచిన నీరే. పెళ్ళిళ్ళ నెలల్లో ఆ సంఖ్యను మూడు నాలుగు రోజులు ఆగి, ఉదయం లేవగానే, ఏమీ తినకముందు మళ్ళీ చూసి, అప్పటికీ దిగకపోతేనే పసుపుగా లెక్కవేయాలి.